కొరియా అత్తవారింటి భోజనం: తరచుగా అడిగే ప్రశ్నలు

దక్షిణ కొరియాకు చెందిన అబ్బాయినో అమ్మాయినో పెళ్లి చేసుకున్న, లేదా చేసుకోబోతున్న తెలుగువాళ్ల కోసం ఈ పేజీ. మొదటిసారి వాళ్లింటికి వెళ్లే ముందు ఎక్కువమంది అడిగేవి తిండి గురించే. భోజనాల దగ్గర వచ్చే ఇబ్బందుల్లో చాలావరకు, ప్రయాణానికి రెండు వారాల ముందు ఇంటికి ఒక ఫోన్ చేయిస్తే తీరిపోయేవే. అందుకే ముందు ఆ ఫోన్ సంగతి.

వెళ్లే ముందు అత్తగారికి ఏం చెప్పించాలి?

"తను శాకాహారి" అని ఒక్క మాట చెప్పించి ఊరుకోకండి. అక్కడ చాలా ఇళ్లలో ఆ మాటకు మాంసం ముక్కలు తినరని మాత్రమే అర్థం. ఎండు నెత్తళ్లు మరిగించిన నీళ్లు, చేప ద్రావకం, ఉప్పులో ఊరేసిన రొయ్యలు, గొడ్డు మాంసం రుచి పొడి ఇవేవీ వాళ్ల లెక్కలో మాంసం కావు. ఆవిడ ముక్కలన్నీ ఏరి పక్కన పెట్టి, అదే చారును ఎంతో ప్రేమగా మీ ముందు పెడతారు. ఆమె తప్పేమీ లేదు, మనం చెప్పాల్సింది చెప్పలేదు.

కాబట్టి సరుకుల పేర్లతో చెప్పించండి. పంది, గొడ్డు, కోడి, చేప, రొయ్య, ఆల్చిప్పలు, గుడ్డు, పాలు: వీటిలో ఏవి తింటారో ఏవి తినరో ఒక్కొక్కటిగా చెప్పాలి. తిననివాటిని మరిగించిన నీళ్లు కూడా తినరా అన్నది విడిగా చెప్పాలి. నోటిమాటతో సరిపెట్టకుండా, అక్కడ అందరూ వాడే కాకావోటాక్ అనే మెసేజ్ యాప్‌లో కొరియన్‌లో రాసి పంపిస్తే, ఆవిడ కొట్లో డబ్బా మీద రాసినదానితో సరిచూసుకోగలరు.

దీనితోపాటు రెండో జాబితా ఒకటి పంపించండి. మీరు ఇష్టంగా తినేవి: అన్నం, టోఫు, బంగాళాదుంప, చిలగడదుంప, పాలకూర, సోయా మొలకలు, పుట్టగొడుగులు, వంకాయ, గుమ్మడి, సముద్రపు నాచు, నువ్వుల నూనె. మొదటి జాబితా కన్నా ఇదే ముఖ్యమని మా అభిప్రాయం. తినని పదార్థాలు పది చెప్పి వదిలేస్తే వండే మనిషికి దిక్కు తోచదు. తినేవి పది చెప్తే అరగంటలో ఏం చేయాలో ఆవిడే తేల్చుకుంటారు.

ఈ పని మీరు చేయకూడదు, మీ భాగస్వామే చేయాలి. వచ్చిరాని కొరియన్‌లో కోడలో అల్లుడో చెప్తే గొంతెమ్మ కోరికలా వినిపిస్తుంది. కన్నబిడ్డ చెప్తే ఇంటి విషయంలా ఉంటుంది.

భోజనాల బల్ల మీద ఏమేం ఉంటాయి?

ఒక్కొక్కరికి ఎడమవైపు అన్నం గిన్నె, కుడివైపు చారు గిన్నె, ఆ పక్కన లోహపు చెంచా, పుల్లలు (చాప్‌స్టిక్స్). మధ్యలో అందరికీ కలిపి బంచన్ అనే, అన్నంలో నంజుకునే వంటకాల గిన్నెలు. మామూలు రోజుల్లో మూడు నాలుగు, అతిథి వస్తే పది దాటవచ్చు. వాటితోపాటు ఉడుకుతున్న జిగె అనే చిక్కటి పులుసు. పొద్దున పూట కూడా అన్నం, చారు వడ్డించే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. మనకు అన్నమే తిండి కాబట్టి, రొట్టె తినే దేశాల నుంచి వచ్చిన అల్లుళ్ల కన్నా ఈ విషయంలో మనం నయం.

అన్నం పొట్టి గింజ, ముద్దగా అతుక్కుంటుంది. దాన్ని చారులో కలిపేసి పిసకరు. చెంచాతో అన్నం, పుల్లలతో కూర, మళ్లీ చెంచాతో చారు, ఇలా మార్చి మార్చి తింటారు. పెరుగు అన్నంతో ముగించే అలవాటు లేదు. భోజనం మీద పెరుగు కావాలనుకుంటే ముందే చెప్పి పంచదార లేనిది తెప్పించుకోండి. దుకాణాల్లో తియ్యటివే ఎక్కువ.

ఒకే గిన్నెలోని జిగెను అందరూ తమ చెంచాలతో తినడం పాత ఇళ్లలో మామూలే. మీకు ఇబ్బందిగా ఉంటే "అప్‌జొప్సి" అని చిన్న పళ్లెం అడగండి, గరిటెతో కాస్త వేసుకోండి. ఎవరూ తప్పుపట్టరు.

నేను చేప కూడా తినను. ఏది నమ్మవచ్చు, ఏది నమ్మకూడదు?

పేరు వింటే కూరగాయల వంటకంలా ఉండి, లోపల వేరే ఉండేవే ఎక్కువ ఇబ్బంది పెడతాయి.

కూరగాయలు కలుపుకుని తినే అన్నం బిబింబాప్ మీద గొడ్డు మాంసం కీమా, గుడ్డు వేస్తారు. అవి వద్దంటే తీసేస్తారు, కానీ దానిమీద వేసే గోచుజాంగ్ మిరప ముద్దను కొన్నిచోట్ల కీమాతో వేయించి పెడతారు. "మామూలు గోచుజాంగ్" అని అడగాలి. నాచు రేకులో చుట్టిన అన్నం కింబాప్‌లో పంది హామ్, చేప పిండి రొట్టె, పీత రుచి కడ్డీ, గుడ్డు ఉంటాయి. తొక్‌పొక్కిలో బియ్యపు పిండి కడ్డీలు శాకాహారమే అయినా, ఉడికించేది సాధారణంగా నెత్తళ్ల నీళ్లలో. చాప్చేలో సేమ్యా చిలగడదుంప పిండిది, దానిలో గొడ్డు మాంసం సన్నగా తరిగి వేయడం మామూలు. గమ్జాతాంగ్ అంటే పంది వెన్నెముక పులుసు. నల్లటి సాస్ వేసే జాజాంగ్‌మ్యొన్ నూడుల్స్‌లో పంది మాంసమే కాక, చాలాచోట్ల పంది కొవ్వు కూడా ఉంటుంది. నేంగ్‌మ్యొన్ చల్లటి నూడుల్స్‌లోని తేట నీరు గొడ్డు మాంసం మరిగించినది. సుందుబు జిగె టోఫు పులుసే, కానీ ఆల్చిప్పల్నో పంది మాంసాన్నో వేసి, పైన గుడ్డు కొడతారు.

ఇక నమ్మదగినవి. నముల్ అనే ఆకుకూరల, మొలకల బంచన్‌లు: సోయా మొలకలు, పాలకూర, గోసారి అనే ఫెర్న్ కాడలు, తోరాజి అనే దుంపవేరు. వీటిలో చేప ద్రావకం బదులు ఉప్పో సోయా సాసో వేయమంటే చాలు. బంగాళాదుంప అట్టు గమ్జాజొన్. ఓక్ (సింధూర) జాతి చెట్టు కాయల పిండితో చేసే, జున్నులా గట్టిపడే తోతొరిముక్ ముక్కలు. వేసవిలో కోంగ్‌గుక్సు, అంటే నానబెట్టి ఉడికించి రుబ్బిన సోయా పాలలో చల్లటి నూడుల్స్. దాన్ని ఒక్కసారి తిన్నవాళ్లు మళ్లీ అడుగుతారు. నువ్వుల నూనె రాసి కాల్చిన గిమ్ నాచు రేకుల్లో వేడి అన్నం చుట్టుకుంటే ఏ పూటైనా గడిచిపోతుంది.

బయట చిరుతిళ్లకు కాల్చిన చిలగడదుంప, బియ్యపు పిండి తొక్ మిఠాయిలు, తేనె పాకంలో నానిన యాక్‌గ్వా, బెల్లం లాంటి పంచదార నింపి కాల్చే హోత్తొక్ ఉన్నాయి. చోకోపై దగ్గర మాత్రం జాగ్రత్త. మన దేశంలో అమ్మేదానిమీద ఆకుపచ్చ చుక్క ఉంటుంది, అక్కడి దాంట్లో జంతువుల జెలటిన్ ఉంటుంది.

పొట్లాల మీద ఒక సదుపాయం ఉంది. కొరియా చట్టం ప్రకారం అలర్జీ కలిగించే సరుకులను పదార్థాల పట్టిక దగ్గర విడిగా అచ్చు వేయాలి. ఆ జాబితాలో గొడ్డు, పంది, కోడి, రొయ్య, పీత, గుడ్డు, పాలు, ఆల్చిప్పలు అన్నీ ఉన్నాయి. కాబట్టి సోగోగి, త్వేజిగోగి, తక్‌గోగి, సేఉ అనే నాలుగు మాటల కొరియన్ అక్షరాలను ఫోన్‌లో బొమ్మగా దాచుకుని పోల్చి చూసుకోవచ్చు. ఒక్క లోటు: నెత్తళ్లు ఆ జాబితాలో లేవు. "మ్యొల్చి" అన్న మాటను పదార్థాల పట్టికలో మీరే వెతకాలి.

కిమ్చీలో చేప ఉంటుందా? చేప లేకుండా చేయించుకోవచ్చా?

పులియబెట్టిన క్యాబేజీ పచ్చడైన మామూలు కిమ్చీలో సేఉజొత్ అనే ఉప్పు రొయ్యలో, నెత్తళ్లు పులియబెట్టి తీసిన ద్రావకమో, లేదా రెండూనో ఉంటాయి. ఎర్రటిదానిలోనే కాదు, కారం లేని తెల్ల కిమ్చీలోనూ ఉండవచ్చు. ఇంట్లో ఉన్న కిమ్చీ నవంబర్ చివర్లోనో డిసెంబర్ మొదట్లోనో ఏడాదికి సరిపడా పెట్టినది. మనకు వేసవిలో ఆవకాయ పెట్టినట్టే, బంధువులంతా చేరి చేసే ఆ పనిని కిమ్‌జాంగ్ అంటారు. 2013లో యునెస్కో దాన్ని మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ జాడీలోది మీకోసం మార్చడం కుదరదు. కానీ చిన్న జాడీ ఒకటి వేరే పెట్టడం కష్టమేమీ కాదు. అత్తగారితో కలిసి మీరే చేస్తే మరీ మంచిది.

రెండు కిలోల నాపా క్యాబేజీ (పొడవాటి చైనా క్యాబేజీ) ఒకటి తీసుకుని నిలువుగా నాలుగు చీలికలు చేయండి. 200 గ్రాముల గళ్ల ఉప్పులో సగం నీళ్లలో కరిగించి చీలికలను ముంచండి, మిగతా సగం ఆకుల మధ్య, ముఖ్యంగా తెల్లటి మందపు కాడల దగ్గర చల్లండి. ఆరు నుంచి ఎనిమిది గంటలు ఉంచి, రెండు గంటలకోసారి తిరగేయండి. తెల్ల కాడను వంచితే పుటుక్కున విరగకుండా వంగాలి, అప్పుడే అయినట్టు. మూడుసార్లు కడిగి, బోర్లించి రెండు గంటలు నీరు ఓడ్చండి.

చేప ద్రావకం చోట ఈ నీళ్లు వాడాలి: అరచేతంత ఎండు కెల్ప్ నాచు, నాలుగు ఎండు షిటాకే పుట్టగొడుగులు 300 మిల్లీలీటర్ల నీటిలో పది నిమిషాలు మరిగించి వడకట్టండి. 200 మిల్లీలీటర్లు తీసుకుని రెండు పెద్ద చెంచాల బియ్యప్పిండి కలిపి జావలా కాచి చల్లార్చండి. దాంట్లో 100 గ్రాముల గోచుగారు మిరప పొడి, 45 గ్రాముల వెల్లుల్లి, 10 గ్రాముల అల్లం, సగం పియర్ పండు రుబ్బి వేయండి. చారుల్లో వేసే రకం సోయా సాస్ మూడు నాలుగు పెద్ద చెంచాలు కలపండి. ఆఖరున 300 గ్రాముల ముల్లంగి సన్నగా తరిగి కలపండి. ఈ ముద్దను ఆకు ఆకుకూ రాసి, జాడీలో గాలి లేకుండా నొక్కి, నాలుగింట మూడొంతులు మాత్రమే నింపండి. 20 డిగ్రీల గదిలో ఒకటి రెండు రోజులు, తర్వాత ఫ్రిజ్‌లో. హైదరాబాద్ వేసవిలో చేస్తే బయట పన్నెండు గంటలే ఎక్కువ.

ఎక్కడ చెడుతుందంటే: సన్న ఉప్పు వాడితే పైపైన ఉప్పు పట్టి లోపల పచ్చిగా ఉండిపోతుంది. నీరు సరిగా ఓడకపోతే ముద్ద జారిపోయి ఆకు మెత్తబడుతుంది. గుంటూరు కారం 100 గ్రాములు వేస్తే నోట పెట్టలేరు. గోచుగారు తీపి, రంగు ఎక్కువ, కారం తక్కువ ఉన్న పొడి, అందుకే అంత వేసినా నిలుస్తుంది. మన కారం తప్పనిసరైతే 25 గ్రాములు వేసి, మిగతాది కాశ్మీరీ మిరప పొడితో నింపండి. జాడీ అంచు దాకా నింపితే పులిసేటప్పుడు పొంగి పొర్లుతుంది.

ఉల్లి, వెల్లుల్లి కూడా తినను. ఇక అక్కడ నాకేం దొరుకుతుంది?

ఇంటి వంటలో నిజంగా కష్టమే, వెల్లుల్లి లేని కొరియన్ బంచన్ అరుదు. కానీ ఆ దేశంలోనే మీ నియమానికి దగ్గరగా వండే సంప్రదాయం ఒకటి ఉంది. బౌద్ధ ఆరామాల వంటలో మాంసం, చేపలతోపాటు ఐదు ఘాటు పదార్థాలు నిషేధం: వెల్లుల్లి, ఉల్లికాడలు, వెల్లుల్లి రుచి ఉండే రెండు రకాల ఆకులు, ఇంగువ. అవును, మన ఇంగువే. ఇంగువ అక్కడ వంటింట్లో కనిపించదు, అయినా బౌద్ధ గ్రంథాల వెంట ఆ నియమం అక్కడికి వెళ్లింది.

సియోల్ వాయవ్యాన జింగ్వాన్‌సా, దక్షిణ జొల్లా రాష్ట్రంలో బేక్‌యాంగ్‌సా ఈ వంటకు పేరున్న ఆరామాలు. బేక్‌యాంగ్‌సా ఆశ్రమంలో ఉండే జొంగ్ క్వాన్ అనే సన్యాసిని వంటను ప్రపంచంలోని పెద్ద పెద్ద వంటవాళ్లు వచ్చి నేర్చుకున్నారు. 2002 నుంచి నడుస్తున్న టెంపుల్‌స్టే ఏర్పాటు కింద ఒక రాత్రి ఉండి భోజనం చేయవచ్చు. అత్తమామలను కూడా తీసుకెళ్లండి. మీ తిండి నియమం వాళ్ల దేశంలోనూ ఉందని కళ్లారా చూస్తే, ఎంతగా వివరించినా రాని అవగాహన వస్తుంది.

కోడి, చేప తింటాను. గొడ్డు, పంది మాత్రం వద్దు. ఇది సులువేనా?

శాకాహారం కన్నా చాలా సులువు. "చికెన్ తింటాను" అన్న మాట ముందు చెప్పించండి, మిగతాది తర్వాత. చేప వేపుడు, సాంగ్యెతాంగ్, ఆల్చిప్పల నూడుల్స్ అన్నీ అందుబాటులో ఉంటాయి. సాంగ్యెతాంగ్ అంటే చిన్న కోడి కడుపులో జిగురు బియ్యం, జిన్‌సెంగ్ వేరు, వెల్లుల్లి, రేగు జాతి పండు కూరి ఉడికించేది. వేసవిలో బొక్‌నాల్ అనే మూడు రోజుల్లో దీన్ని తప్పక తింటారు.

మిగిలే చిక్కు చారు రుచి పొడి. చాలా వంటిళ్లలో వాడేది గొడ్డు మాంసం రుచిది. నెత్తళ్ల రుచి పొడి కూడా దొరుకుతుంది, మీరున్నన్నాళ్లూ అది వాడమని చెప్పించండి. సుందే అనేది పంది పేగులో రక్తం, సేమ్యా నింపి ఉడికించేది. వీధి బండ్ల మీద తొక్‌పొక్కి పక్కనే ఉంటుంది, అదే సాస్‌లో ముంచి ఇస్తారు.

హలాల్ మాత్రమే తినే తెలుగు ముస్లింలకు సియోల్‌లో ఇతేవొన్ పేట అనుకూలం. 1976లో తెరిచిన పెద్ద మసీదు చుట్టూ హలాల్ మాంసం కొట్లు, హోటళ్లు ఉన్నాయి. ఇంటి వంటలో నీచు వాసన పోవడానికి వేసే వంట సారా గురించి ముందే చెప్పించాలి.

అంత కారంగా ఉంటుందా?

గుంటూరు మిరపకాయతో పెరిగిన నాలుకకు ఇంటి వంట కారం కాదు. ఇబ్బంది పెట్టేది కారంతో కలిసి వచ్చే తీపి. మిరప ముద్ద గోచుజాంగ్‌లోనే తీపి ఉంటుంది, దానిమీద పంచదారో పాకమో కలుపుతారు. రెండు మూడు రోజులకు అలవాటవుతుంది. పొట్లాల్లో వచ్చే మంట నూడుల్స్ వేరే సంగతి, వాటితో పందెం వేయకండి.

బల్ల దగ్గర తప్పక పాటించాల్సినవి ఏమిటి?

పెద్దవాళ్లు చెంచా ఎత్తేదాకా ఆగాలి. అప్పుడు "చల్ మొక్కెస్సుమ్నిదా" అనాలి, బాగా తింటామని దాని భావం. ముగిశాక "చల్ మొగొస్సుమ్నిదా". ఈ రెండు మాటలు నేర్చుకోకుండా విమానం ఎక్కవద్దు. అత్తగారిని ఒమొనిమ్, మామగారిని అబొనిమ్ అనండి. పెళ్లి కాకముందు కూడా అలాగే పిలవవచ్చు.

చెంచానో పుల్లలనో అన్నంలో నిలువుగా గుచ్చకండి, అది చనిపోయినవారికి పెట్టే భోజనంలో చేసే పని. గిన్నె చేత్తో ఎత్తి నోటి దగ్గర పెట్టుకోవడం మర్యాద కాదు. చెంచా, పుల్లలు రెండూ ఒకేసారి ఒకే చేత్తో పట్టుకోరు. బల్ల దగ్గర గట్టిగా ముక్కు చీదడం అసహ్యంగా చూస్తారు. కారానికి ముక్కు కారితే పక్కకు వెళ్లి రండి.

లోహపు పుల్లలు చదునుగా, జారుడుగా ఉంటాయి. వెళ్లే ముందు పది రోజులు వేయించిన శనగలు ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి ఏరడం సాధన చేయండి. పెనుకొండ దగ్గర కియా కార్ల కర్మాగారం వచ్చాక ఆ చుట్టుపక్కల కొరియన్ హోటళ్లు వెలిశాయి, హైదరాబాద్‌లోనూ ఉన్నాయి. రెండు మూడు వంటకాలు ఇక్కడే రుచి చూసి వెళ్తే అక్కడ బెదురు ఉండదు. చేత్తో తినే అలవాటును మాత్రం అక్కడ ఆకుల్లో చుట్టే స్సమ్‌కు దాచుకోండి. లెట్యూస్ ఆకులో అన్నం, ముక్క, వెల్లుల్లి, సాస్ పెట్టి మడిచి, కొరకకుండా ఒకే ముద్దగా నోట్లో పెట్టుకోవాలి.

వద్దంటున్నా వడ్డిస్తూనే ఉంటారు. ఎలా ఆపాలి?

ఇది మనకు కొత్త కాదు, మన పెద్దమ్మలూ ఇంతే. ఖాళీ గిన్నె కనిపిస్తే నింపుతారు. కాబట్టి మొదట "చోగుమ్మన్ జుసెయో" అని కొంచెమే పెట్టించుకుని, దాన్ని పూర్తిగా తినండి. చివర్లో అన్నం గిన్నెలో గింజ మిగలకుండా, బంచన్ గిన్నెల్లో కొంచెం మిగిలేలా ఆపండి. "పే బుల్లొయో" అంటే కడుపు నిండింది అని. ఒక్కసారి చాలదు, నవ్వుతూ మూడుసార్లు అనాలి.

నచ్చినదాని పేరు గుర్తుపెట్టుకుని మర్నాడు పేరుతో అడిగితే అత్తగారికి కలిగే సంతోషం ఇంతా అంతా కాదు. దీనికో చిక్కు ఉంది: మర్యాదకు "చాలా బాగుంది" అన్నది నిజంగా నచ్చనిదైతే, రోజూ అదే వస్తుంది. నచ్చినదాన్నే మెచ్చుకోండి.

నోట పెట్టుకున్నాక నచ్చకపోతే?

కొత్తదాన్ని ముందు చిటికెడంత, అన్నంతో కలిపి తినండి. విడిగా తింటే ఉప్పు, పులుపు, వాసన మూడూ ఒక్కసారిగా తగులుతాయి. బంచన్ అన్నంతో తినడానికి చేసినవే. రెండోసారి ఇంకొంచెం తీసుకోండి. అప్పటికీ పడకపోతే వదిలేయవచ్చు, గిన్నెలు అందరివీ కాబట్టి మీరు వదిలింది ఎవరికీ కనిపించదు. మొహం చిట్లించడం, ఎత్తి వాసన చూడడం, "ఇదేంటి" అని తెలుగులో గుసగుసలాడడం ఇవి మాత్రం కనిపిస్తాయి, బాధపెడతాయి. అడగాలంటే నేరుగా "ఇగొ మ్వొయెయో?" అనండి, ఇది ఏమిటని. సంతోషంగా చెప్తారు.

పేరు వింటేనే భయం వేసేవి కూడా పెడతారా?

చాలావరకు పెట్టరు, బయటికి తీసుకెళ్లినప్పుడు సరదాకు అడుగుతారు. ముందే తెలిసి ఉంటే మంచిది.

సన్నక్‌జీ: అప్పుడే కోసిన ఆక్టోపస్ కాళ్లు, నువ్వుల నూనెలో. ఇంకా కదులుతుంటాయి, చూషకాలు గొంతుకు అతుక్కుని ఊపిరాడక చనిపోయినవాళ్లు ఉన్నారు. తింటే చిన్న ముక్కగా, పూర్తిగా నమలాలి. సారా తాగుతూ అసలు తినకండి.

హోంగొ: పులియబెట్టిన స్కేట్ చేప. అమోనియా ముక్కు లోపలికి కొడుతుంది. నైరుతి జొల్లా ప్రాంతంలో పెళ్లిళ్లకు ఇది లేకపోతే లోటుగా భావిస్తారు. పంది మాంసం, ముదురు కిమ్చీతో కలిపి తింటారు. వేడి పులుసులో అమోనియా ఇంకా ఘాటుగా ఉంటుంది, మొదటిసారి పులుసు వద్దు.

బొందెగి: ఉడికించిన పట్టు పురుగుల ప్యూపాలు. హిందూపురం వైపు పట్టుగూళ్ల వాసన తెలిసినవాళ్లకు వెంటనే గుర్తొస్తుంది. రొయ్యలు, పీతలు పడనివాళ్లు దీన్ని ముట్టకూడదు, అదే రకం అలర్జీ రావచ్చు.

చొంగ్‌గుక్‌జాంగ్: రెండు మూడు రోజులు వెచ్చగా పులియబెట్టిన సోయా గింజల పులుసు. వాసన ఘాటు, రుచి కమ్మన. నెత్తళ్లు, మాంసం లేకుండా చేయిస్తే శాకాహారులకు దీనికి మించిన వంటకం ఆ దేశంలో లేదని మా గట్టి నమ్మకం.

పచ్చి చేప, పచ్చి మాంసం తినవచ్చా?

ఆరోగ్యంగా ఉన్నవాళ్లు, పేరున్న చోట, శీతాకాలంలో సముద్రపు చేప తినవచ్చు. వేసవి నుంచి శరదృతువు దాకా సముద్రపు నీరు వెచ్చబడి విబ్రియో వల్నిఫికస్ అనే బాక్టీరియా పెరుగుతుంది. కాలేయ జబ్బు, మధుమేహం ఉన్నవాళ్లకు అది ప్రాణాంతకం, వాళ్లు ఏ కాలంలోనూ పచ్చి ఆల్చిప్పలు తినకూడదు. గర్భిణులకూ ఇదే మాట. చలికాలంలో పచ్చి ముత్యపు చిప్పల వల్ల నోరోవైరస్ వాంతులు, విరేచనాలు వస్తాయి. లోపలి భాగం 85 డిగ్రీల దగ్గర నిమిషానికి పైగా ఉడికితే ఆ భయం తగ్గుతుంది.

నదుల చేప, నదుల పీత పచ్చిగా వద్దే వద్దు. చేపలో కాలేయ పురుగు, పీతలో ఊపిరితిత్తుల పురుగు ఉండవచ్చు. సోయా సాస్‌లో ఊరేసిన కంజాంగ్ కెజాంగ్ పచ్చి పీతే, సముద్రపు పీతతో చేసిందేనా అని అడగండి.

అలర్జీ ఉంటే?

వేరుశనగ గురించి మనవాళ్లు జాగ్రత్త పడతారు, కానీ అక్కడ బక్‌వీట్ అనే గింజ అంతకన్నా ముఖ్యం. నేంగ్‌మ్యొన్, మక్‌గుక్సు నూడుల్స్‌లో, మెమిల్‌ముక్ అనే, జున్నులా గట్టిపడే ముక్కల్లో అదే ఉంటుంది, దాని పొట్టు నింపిన దిండ్లు కూడా వాడతారు. మన దగ్గర తినే అలవాటు లేని గింజ కాబట్టి మీకు పడుతుందో లేదో మీకే తెలియకపోవచ్చు, మొదటిసారి కొంచెమే తినండి. అలర్జీని "ఇష్టం లేదు" అన్నట్టు చెప్పకండి. "అల్లెరుగిగా ఇస్సొయో" అని స్పష్టంగా అనండి. అంబులెన్స్‌కు 119. భాష సాయం కావాలంటే పర్యాటకుల నంబర్ 1330.

మామగారు సోజు పోస్తే ఏం చేయాలి?

తాగేవాళ్లయితే గ్లాసు రెండు చేతులతో పట్టుకుని పోయించుకోండి, తల కొంచెం పక్కకు తిప్పి తాగండి. మళ్లీ వారికి రెండు చేతులతో పోయండి, గ్లాసు ఖాళీ అయ్యాకే. సోజు సాధారణంగా 16, 17 శాతం ఆల్కహాల్, మక్‌గొల్లి అనే బియ్యపు కల్లు 6 శాతం. చిన్న గ్లాసు కదా అని లెక్క తప్పుతారు. తాగనివాళ్లయితే మీ భాగస్వామి ముందే చెప్పాలి, మీరు గ్లాసులో నీళ్లో రసమో పోయించుకుని అందరితో ఎత్తితే చాలు.

కడుపు పాడైతే?

ప్రతిసారీ కారణం సూక్ష్మజీవులే కానక్కర్లేదు. అలవాటు లేని కడుపులో ఒకేసారి పులిసిన పదార్థాలు, వెల్లుల్లి, ఉప్పు ఎక్కువవడం కూడా కావచ్చు. మొదటి రెండు రోజులు పూటకు కిమ్చీ నాలుగైదు ముక్కలు మించకండి, ఖాళీ కడుపున తినకండి, చారు అంతా తాగేయకండి. ఉప్పు ఎక్కువ భాగం చారులోనే ఉంటుంది. రక్తపోటు ఉన్నవాళ్లు ఇది తప్పక గమనించాలి. కడుపు బాగాలేదంటే అత్తగారు జుక్ అనే బియ్యపు జావ కాచిస్తారు. అది మన జావలాంటిదే, హాయిగా తాగండి.

పండగకు వెళ్తే ఏం తినాల్సి వస్తుంది?

చాంద్రమాన కొత్త సంవత్సరం సొల్లాల్‌కు తొక్‌గుక్, అంటే బియ్యపు పిండి బిళ్లల చారు. అది తింటే ఒక ఏడు వయసు పెరిగినట్టు. సాధారణంగా గొడ్డు మాంసంతో కాస్తారు, మీకు విడిగా కెల్ప్, పుట్టగొడుగుల నీళ్లతో ఒక గిన్నె కాయించుకోవచ్చు. పంటల పండగ చుసొక్‌కు సోంగ్‌ప్యొన్, నువ్వులో పెసలో నింపి పైన్ ఆకుల మీద ఆవిరి పెట్టిన అర్ధచంద్రాలు. మన కుడుముల చేతి వాటం ఉన్నవాళ్లు వీటిని ఇట్టే ఒత్తేస్తారు. కూర్చుని ఒత్తండి. పుట్టినరోజుకు మియొక్‌గుక్ నాచు చారు. దాన్ని మాంసం లేకుండా పెరిల్లా గింజల పొడితో కాచినా చిక్కగా, కమ్మగా ఉంటుంది.

అక్కడ కుక్క మాంసం పెడతారేమో?

లేదు. తినేవాళ్లు ఎప్పటినుంచో తగ్గిపోయారు. ఆ మాంసం కోసం పెంచడం, చంపడం, అమ్మడం నిషేధిస్తూ 2024 జనవరిలో చట్టం చేశారు, మూడేళ్ల గడువు తర్వాత 2027లో శిక్షలు అమల్లోకి వచ్చేలా. బల్ల దగ్గర ఈ ప్రశ్న అడగకండి. చిన్నప్పటి నుంచి విదేశీయుల ఎగతాళి విన్న మనుషులను అది నొప్పిస్తుంది.

ఇక్కడి నుంచి ఏం తీసుకెళ్లవచ్చు?

మాంసం, గుడ్లు, పచ్చి పండ్లు, కరివేపాకు లాంటి పచ్చి ఆకులు, మొలకెత్తే విత్తనాలు తీసుకెళ్లకండి, విమానాశ్రయంలో తీసేసుకుంటారు. మామిడిపండ్ల మీద ఎంత మమకారం ఉన్నా అంతే. పాలతో చేసిన మిఠాయిలు కూడా మానండి. వేయించిన పలాస జీడిపప్పు, సీలు వేసిన కందిపొడి, అరకు కాఫీ పొడి బాగుంటాయి. అనుమానం ఉన్నదాన్ని దాచకుండా పత్రంలో రాయండి, రాయకపోతే జరిమానా.

వాళ్ల వంటింట్లో మన వంట చేసి పెట్టాలని ఉంది. ఏది కుదురుతుంది?

పులిహోర. తాలింపుతో సహా ఉడికించిన పులిహోర పులుసు ఇంటి దగ్గరే చేసి, గట్టి మూత సీసాలో సీలు వేసి తీసుకెళ్లండి. అప్పుడు వాళ్ల వంటింట్లో ఆవాలు చిటపటలాడవు, పొగ రాదు. అపార్ట్‌మెంట్లలో ఈ సంగతి ముఖ్యం.

నలుగురైదుగురికి వాళ్ల కుక్కర్ కప్పుతో మూడు కప్పుల బియ్యం. పొట్టి బియ్యం కాబట్టి నాలుగైదుసార్లు కడిగి పిండి నీరు పోగొట్టండి. నానబెట్టకండి. నీళ్లు కప్పుకు కప్పు కన్నా కొంచెం తక్కువ. ఉడికాక వెంటనే వెడల్పు పళ్లెంలో పరిచి, రెండు పెద్ద చెంచాల నూనె, పసుపు చల్లి చెక్క గరిటెతో కోసినట్టు కలపండి. వేడిగా ఉండగా పులుసు కలిపితే ముద్దవుతుంది, గోరువెచ్చగా అయ్యాక ఐదారు పెద్ద చెంచాలు కలపండి. వేరుశనగ ఉందని ముందే చెప్పండి. ఎండుమిర్చి, ఇంగువ మామూలు కన్నా సగమే వేసుకెళ్లండి. పక్కన వాళ్ల పొడవాటి వంకాయ వేపుడు పెడితే చాలు: అరకిలో వంకాయలకు ఒక చిన్న చెంచా మన కారం, అంతకు మించి వద్దు. వాళ్ల వంకాయ లేతగా నీరు ఎక్కువ పట్టి ఉంటుంది, మూత పెడితే గుజ్జవుతుంది. మూత లేకుండా, పెద్ద మంట మీద, రెండు విడతలుగా వేయించండి.